వట్టివేరు: చేతినుండి చేతికి నడచిన గడ్డి

గుంటూరు నుండి పర్చూరు పోవు దారిలో ప్రత్తిపాడు కలదు. ఊరి పేరులోనే ప్రత్తి ఉన్నది. చుట్టుప్రక్కల అంతయు నల్లరేగడి. ఆ రేగడిలో ప్రత్తి, మిరప. మే నెలలో పడమటి గాడ్పు వీచునప్పుడు ఈ నేల నెఱ్ఱెలు విచ్చును. అట్టి దినములలో మంచినీళ్ళ కుండలో సన్నని వేళ్ళకట్ట ఒకటి వేసియుంచుట మన ఇండ్లలో పాత వాడుక. ఆ నీటికి ఒక చల్లని వాసన పట్టును. తొలకరి చినుకు పడినప్పుడు నేల నుండి లేచు వాసనకు అది దగ్గరి చుట్టము. ఆ వేళ్ళనే మనము వట్టివేళ్ళు అందుము.

వేరును ఎరుగనివారు అరుదు. కాని మొక్కను చూచినవారెందరని అడిగినచో తరగతిలో ఎన్ని చేతులు లేచును? పచారి కొట్టులో వేరు దొరకును, మొక్క దొరకదు. అది ఏదో చెట్టు వేరనియో, తీగ వేరనియో తలచువారు కలరు. నిజమునకు వట్టివేరు ఒక గడ్డి. మనిషెత్తు పెరిగి, సన్నని పొడవాటి ఆకులు నాలుగు వైపులకు ధారలవలె వంగి, కుండీలో నున్నను పెరటిలో నున్నను కంటికి ఇంపుగా నుండును. అందము కొరకు ఇంట ఒక గడ్డిని పెంచవలెనని కోరువారు దూరదేశపు మొక్కలను వెదకనక్కరలేదు.

ఈ గడ్డికి ఒక విచిత్రమైన చరిత్ర కలదు. మన దక్షిణాదిలో పెంచు వట్టివేరు గింజ వలన వ్యాపించదు. గాలి దానిని మోయలేదు, పక్షి మోయలేదు. అది ఎక్కడ కనబడినను, ఎవరో ఒకరు పిలక చీల్చి మరియొకరి చేతికి ఇచ్చినందువలననే అక్కడకు చేరినది. ఆ విధముగా అది భూగోళమును చుట్టివచ్చినది. అదే దీని బలము. దీనికి గల ప్రమాదము కూడ అందులోనే యున్నది. ఆ కథను మొదటి నుండి చూతము.

మొక్కకు ఒక పేరు, వేరునకు ఒక పేరు

మన పూర్వులు ఈ గడ్డిని ఎంత బాగుగా ఎరిగియుండిరో తెలిసికొనుటకు పేర్లను చూచిన చాలును. సంస్కృత నిఘంటువగు అమరకోశము మొక్కను వీరణము అనియు, దాని వేరును ఉశీరము అనియు వేరువేరుగ చెప్పినది. ఆ వేరునకే నలదము, సేవ్యము, లామజ్జకము మున్నగు పేర్లను కూడ చేర్చినది. తెలుగులోను అదే తీరు. గడ్డికి అవురుగడ్డి యని పేరు; వేరునకు కురువేరు, వట్టివేరు అని పేర్లు. ఒకే మొక్కలో పైభాగమునకు ఒక పేరు, క్రిందిభాగమునకు ఇంకొక పేరు ఏర్పడినదన్నచో, ఆ క్రిందిభాగమునకు ప్రత్యేకమైన విలువ ఉండియుండవలెను గదా. కాలక్రమమున అవురుగడ్డి యను పేరు చాలచోట్ల మరుగుపడి, వేరు పేరే మొక్కకు మిగిలిపోయినది.

కాళిదాసు శాకుంతలములో మూడవ అంకము మొదట, తాపముతో నున్న శకుంతల కొరకు ఆమె చెలి ఉశీరపు పూతను తీసికొనిపోవుచుండును. చల్లదనమునకును వట్టివేరునకును గల సంబంధము అంత పాతది. ఆయుర్వేదమును దీనిని చలువ చేయు ద్రవ్యములలో చేర్చినది.

ఐరోపా భాషలలో దీనికి గల పేరు కూడ మనదే. తమిళపు మాట ఫ్రెంచి వారి నోట వెటివేర్ అయి, వారి ద్వారా ఇంగ్లీషులోనికి పోయినది. మొక్క శాస్త్రీయ నామము మాత్రము పలుమార్లు మారినది. స్వీడను దేశపు లిన్నేయస్ 1771లో దీనికి ఫలారిస్ జిజానియాయిడిస్ అని పేరు పెట్టెను. 1903లో నాష్ అను శాస్త్రజ్ఞుడు వెటివేరియా అను ప్రజాతిలో చేర్చెను. అప్పుడు మన దక్షిణాది మాటయే లాటిన్ రూపమున శాస్త్రములో నిలిచినది. తరువాత దగ్గరి గడ్డులతో పోల్చిచూచి క్రిసోపోగాన్ అను ప్రజాతిలో కలిపిరి. ఈనాడు దీని శాస్త్రీయ నామము క్రిసోపోగాన్ జిజానియాయిడిస్. క్రిసోపోగాన్ అనగా గ్రీకు భాషలో బంగారు గడ్డము అని అర్థము.

తడికల కాలము

విద్యుత్తు లేని దినములలో వేసవిని ఎట్లు గడిపిరి? వట్టివేళ్ళను వెదురు చట్రములలో పరచి కట్టి తడికలుగా చేసి, పడమటి వాకిళ్ళకును కిటికీలకును వ్రేలాడదీసి, వానిపై నీరు చల్లుచుండెడివారు. గాడ్పు ఆ తడి వేళ్ళగుండ లోపలికి వచ్చునప్పటికి చల్లబడి, సువాసనతో కూడియుండెడిది. పదునారవ శతాబ్దపు చివర అబుల్ ఫజల్ వ్రాసిన అయినీ అక్బరీలో, అక్బరు కాలమున ఈ వేళ్ళతో కట్టిన చలువ గదుల ప్రస్తావన కలదు. తరువాతి కాలమున కంపెనీ దొరల కచేరీలలోను, బంగళాలలోను ఈ తడికలు వేసవి సామగ్రిలో భాగమైనవి. మన పట్టణములలో కలవారి ఇండ్లలోను, కార్యాలయములలోను ఇవి చాలకాలము వాడుకలో నుండినవి.

ఇందలి భౌతికశాస్త్రము తరగతిలో లెక్క వేయదగినది. వేసవి వేడిలో 1 లీటరు నీరు ఆవిరిగా మారుటకు సుమారు 580 కిలోకేలరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును నీరు గాలి నుండియే తీసికొనును. 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలోని గాలి బరువు సుమారు 215 కిలోగ్రాములు. కిలోగ్రాము గాలిని 1 డిగ్రీ చల్లబరచుటకు సుమారు 0.24 కిలోకేలరీ తీసివేసిన చాలును. అనగా ఆ గది గాలిని ఒకసారి 10 డిగ్రీలు చల్లబరచుటకు 1 లీటరు నీరు సరిపోవును. అయితే గాలి పొడిగా నుండవలెను. సముద్రపు తేమ గాలికి నీటిని ఆవిరి చేయు శక్తి తక్కువ. ప్రత్తిపాడులో మే నెల పడమటి గాడ్పు పొడిగాలి. కావున తడిక ఇచ్చట బాగుగ పనిచేయును. బాపట్ల తీరమున సాయంకాలపు గాలికి అంత గుణము కనబడదు.

ఈ పనికి వట్టివేరే ఎందుకు? వేళ్ళు సన్నములు, లెక్కకు మిక్కిలి. కావున తక్కువ చోటులో ఎక్కువ తడి ఉపరితలము గాలికి తగులును. అవి త్వరగా కుళ్ళవు. పైగా సువాసన. ఇంకొక సంగతిని కూడ మరువరాదు. తడిక లోపల కూర్చున్నవారికి చలువ. వెలుపల నిలచి దినమంతయు నీరు చల్లువానికి ఎండ. చరిత్రలో ఈ రెండవవాని పేరు ఎచ్చటను వ్రాయబడలేదు. విద్యుత్తుతో నడచు కూలరు వచ్చిన తరువాత ఆ పనిని చిన్న పంపు చేయుచున్నది. కూలరులో నున్న సూత్రము మాత్రము ఆ తడికదే.

సామర్లకోట వైద్యుడు

ఈ గడ్డిని తెలుగు పేర్లతో సహా ఆధునిక వృక్షశాస్త్రములోనికి ఎక్కించినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. స్కాట్లండు దేశస్థుడగు ఈయన 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరి, 1781లో గోదావరి ప్రాంతపు సామర్లకోటకు వచ్చెను. అచ్చట తోటలు వేసి, కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించి, దేశీయ చిత్రకారులచేత వాని బొమ్మలు వ్రాయించెను. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళెను. 1815లో మరణించెను. ఆయన వ్రాసిన ఫ్లోరా ఇండికా మొదటి సంపుటము ఆయన పోయిన తరువాత 1820లో శ్రీరాంపురమున విలియం కేరీ చేతులమీదుగా వెలువడినది.

ఆ గ్రంథములో వట్టివేరు, ఆంద్రోపోగాన్ మ్యూరికేటస్ అను అప్పటి పేరుతో కలదు. మన తీరమున తేమగల పల్లపు నేలలలోను, నీటి పారుదల గట్ల వెంబడిని ఇది పెరుగునని రాక్స్‌బర్గ్ గుర్తించెను. ఈ చిన్న పరిశీలనను జ్ఞప్తియందుంచుకొనవలెను. పారునీటి గట్టున స్వయముగా నిలువగల గడ్డి, పారునీటి నుండి గట్టును కూడ నిలుపగలదు. ఈ రెండవ సంగతిని ప్రపంచము గుర్తించుటకు ఇంకను నూరేండ్లకు పైగా పట్టినది.

గింజ లేని ప్రయాణము

వట్టివేరులో ముఖ్యముగా రెండు తెగలు కలవు. ఉత్తర భారతమున నదీతీరములలోను, చిత్తడి నేలలలోను తనంతట పెరుగు తెగ పూచి, గింజ కట్టి, మొలచును. రాజస్థానములోని భరత్‌పూరు ప్రాంతపు వట్టివేరు ఈ తెగకు చెందినదే. దక్షిణాదిన మనుష్యులు పెంచుచు వచ్చిన తెగ పూత పూసినను గింజ కట్టుట అరుదు. దీనిని పిలకలు చీల్చియే నాటవలెను.

మనుష్యులు గింజ కట్టని తెగను ఎట్లు ఎన్నుకొనిరి? ఎవరును పుస్తకము చూచి ఎన్నుకొనలేదు. వేరు కొరకు పెంచువాడు లావైన, వాసనగల వేళ్ళున్న దుబ్బునే మరల చీల్చి నాటును. పొలము గట్టున పెంచువాడు పొలములోనికి ప్రాకి కలుపు కాని దుబ్బునే ఉంచుకొనును. ఇట్లు తరతరములుగ జరిగిన చిన్న చిన్న ఎంపికల ఫలితమే నేటి మన మొక్క.

ఈ పిలకలు ఓడలెక్కి హిందూమహాసముద్రములోని రీయూనియను దీవికి, జావాకు, హైతీకి పోయినవి. ఆ మూడు చోట్లను వేళ్ళ నుండి ఆవిరి పట్టి నూనె తీయు పరిశ్రమ పెరిగినది. వట్టివేరు నూనెలోని అణువులు పెద్దవి, బరువైనవి. కావున మెల్లగా ఆవిరియగును. తేలికగా ఎగిరిపోవు ఇతర పరిమళములను కూడ ఇది పట్టియుంచును. అందువలన అత్తరులు చేయువారికి ఇది అవసరమైనది. అమెరికాలోని లూసియానాకు కూడ ఈ గడ్డి చేరినది. అచ్చటి న్యూఆర్లియన్సు పట్టణపు ఇండ్లలో బట్టల పెట్టెలలో ఈ వేళ్ళను ఉంచుట వాడుక అయినది. మన ఇండ్లలో పట్టుచీరల మడతలలో వట్టివేళ్ళు వేయుట వంటిదే.

ఫిజీ కొండల నుండి మైసూరు గట్లకు

ఇంతవరకు వేరును త్రవ్వి తీయువారి కథ. ఇక వేరును నేలలోనే ఉంచినవారి కథ.

పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ దీవులకు చెరకు తోటల కూలీలుగ మనవారిని 1879 నుండి తీసికొనిపోయిరి. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు పోయినవి. వానిలో తెలుగువారును కలరు. ఆ దీవులలో కొండవాలు నేలలలో చెరకు వేయగా వానలకు మట్టి కొట్టుకొనిపోవుచుండెను. 1950 దశకమున జాన్ గ్రీన్‌ఫీల్డ్ అను వ్యవసాయ నిపుణుడు అచ్చట వాలునకు అడ్డముగ, ఒకే మట్టమున, వట్టివేరు వరుసలను నాటించెను. గడ్డి దట్టముగ కలిసి గోడవలె నిలిచినది. నీటిని ఆపలేదు, వేగమును తగ్గించినది. వేగము తగ్గిన నీరు మోసుకొనివచ్చిన మట్టిని వరుసకు ఎగువన దించివేసి, తేటయై గడ్డి సందులగుండ దిగువకు పోయినది. ఏటేట మట్టి పేరుకొని అచ్చట తనంతట మెట్టు ఏర్పడినది. గడ్డియు దానితోపాటు పైకి పెరిగినది.

1980 దశకమున గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా అను మరియొక నిపుణునితో కలిసి ప్రపంచబ్యాంకు పక్షమున భారతదేశములో పనిచేసెను. ఈ పద్ధతిని వివరించు చిన్న కరదీపిక 1987లో వెలువడినది. ఆ పని సందర్భమున వారికి తెలిసిన సంగతి ఆశ్చర్యకరము. మైసూరు దగ్గరి గుండ్లుపేట ప్రాంతపు రైతులు నూరేండ్లకు పైగా తమ పొలముల సరిహద్దులలో వట్టివేరును నాటుచునే యుండిరి! విదేశముల నుండి తెచ్చిన క్రొత్త పద్ధతి యనుకొన్నది మన ఇంటి వెనుక గట్టుమీదనే యున్నది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1993లో ఈ గడ్డినిగూర్చి ఒక గ్రంథమును ప్రకటించినది. థాయిలాండులో భూమిబల్ మహారాజు దీనిని 1991 నుండి ప్రోత్సహించగా, 1996లో ఆ దేశపు చియాంగ్‌రాయి నగరమున వట్టివేరుపై మొదటి అంతర్జాతీయ సమావేశము జరిగినది.

దీని బలమంతయు వేరులో నున్నది. సాధారణముగ గడ్డి వేళ్ళు ప్రక్కలకు ప్రాకును. వట్టివేళ్ళు నిట్టనిలువుగ దిగును. అనుకూలమైన నేలలో 3 మీటర్ల లోతు వరకు పోవును. నిలువుగ పోవుటవలన ప్రక్కనున్న పైరుతో తగవు తక్కువ. ఈ సన్నని వేళ్ళ లాగుడు బలము సగటున 75 మెగాపాస్కల్‌లని కొలిచిరి; అది మెత్తని ఉక్కు బలములో సుమారు ఆరవ వంతు.

నల్లరేగడిలో ఈ సంగతికి విలువ ఎక్కువ. రేగడిలోని బంకమన్ను తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. అందువలన వాలుకు అడ్డముగ వేసిన మట్టి కట్టలు కూడ వేసవిలో చీలి, మొదటి పెద్దవానకు ఆ చీలికల వద్ద తెగిపోవును. గడ్డి వరుసకు ఆ బాధ లేదు. నేల చీలినను వేళ్ళు పట్టుకొనియే యుండును.

అట్లయినచో ప్రత్తి, మిరప పొలముల గట్లన్నిటను ఈ గడ్డి ఏల లేదు? కారణము గడ్డిలో లేదు. వరుస దట్టమగుటకు 2, 3 ఏండ్లు పట్టును. మన గుంటూరు మాగాణి, మెట్టలలో కౌలు సేద్యము ఎక్కువ. వచ్చు ఏడు ఈ చెక్క తన చేతిలో నుండునో లేదో తెలియని కౌలురైతు, 3 ఏండ్లకు ఫలమిచ్చు గడ్డిని ఎందుకు నాటును? నేల వాలునకు, పొలము సరిహద్దునకు పొంతన లేకపోవుట మరియొక కారణము. నీరు వాలును చూచి పారును. పట్టాదారు పుస్తకమును చూచి పారదు. ఒక్కరు నాటిన చాలదు, ఇరుగుపొరుగు కలసి నాటవలెను.

వేరు విలువలోనే ఇంకొక చిక్కు కలదు. అమ్ముకొనవలెనన్నచో వేరును త్రవ్వవలెను. త్రవ్విన చోట నేల వదులై, తరువాతి వానకు కొట్టుకొనిపోవును. హైతీ కొండవాలులలో నూనె కొరకు వేళ్ళు త్రవ్వుచున్నచోట్ల ఈ కష్టము కనబడినది. ఒకే వేరు ఒకే సమయమున అంగడిలోను, నేలలోను ఉండజాలదు. నేలను కాపాడు వరుస వేరు, అమ్మకమునకు వేయు మడి వేరుగ నుండవలెను. ఆ మడి చదునైన నేలలో నుండవలెను.

ప్రపంచమంతయు ఒకే దుబ్బు

1990 దశకమున ఆడమ్స్, డాఫార్న్ అను అమెరికా పరిశోధకులు అనేక దేశముల నుండి వట్టివేరు నమూనాలను తెప్పించి, వాని డీఎన్ఏను పోల్చిచూచిరి. భారత ఉపఖండమునకు వెలుపల సాగులో నున్న వానిలో అత్యధిక భాగము ఒకే మొక్క సంతతి యని తేలినది. లూసియానాలోని సన్‌షైన్ అను ఊరి మొక్కకును, వేల మైళ్ళ దూరముననున్న దేశముల మొక్కలకును భేదము కనబడలేదు. విత్తనము వలన కలుగు పిల్లలలో తల్లిదండ్రుల లక్షణములు కలగలసి, ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగ నుండును. పిలక వలన కలిగినది తల్లియే. అనగా సముద్రములకు ఆవలనున్న ఆ వరుసలన్నియు కలసి, చీల్చి చీల్చి పెంచిన ఒకే దుబ్బు.

ఇందులో మేలు కలదు. ఒకచోట పరీక్షించిన గుణము వేరొకచోట కూడ తప్పక కనబడును. గింజ లేదు కావున కలుపుగ మారదు. అందము కొరకు తెచ్చిన మొక్కలు చేసిన కీడు మనకు తెలియనిది కాదు. పూలకని తెచ్చిన లాంటానా మన అడవులను ఆక్రమించినది. ఉత్తర ఆఫ్రికా నుండి తోటల అలంకారమునకై కొనిపోయిన ఫౌంటెను గడ్డి, గింజలు గాలికెగిరి, హవాయి దీవులలో పెద్ద కలుపైనది. ఇంట గడ్డిని పెంచదలచినవాడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: దీని గింజ గోడ దాటిపోవునా? దక్షిణాది వట్టివేరు విషయమున ఆ భయము లేదు.

కాని కీడు కూడ ఇందులోనే కలదు. 1845లో ఐర్లండు దేశమున దుంపతెగులు వచ్చినప్పుడు అచ్చటి పేదలు తినుచుండిన బంగాళాదుంప చాలవరకు ఒకే రకము. అదియు ముక్కలు కోసి నాటునదే. ఒక మొక్కను చంపగల తెగులు అన్నిటిని చంపినది. కరువులో సుమారు 10 లక్షల మంది మరణించిరి. వట్టివేరునకు అట్టి తెగులు ఇంతవరకు రాలేదు. వచ్చినచో తట్టుకొనగల గుణము ఎక్కడనుండి వచ్చును? గింజ కట్టు ఉత్తరాది అడవి తెగలనుండియు, మన పల్లెలలో అక్కడక్కడ మిగిలిన పాత దుబ్బులనుండియు రావలెను. లక్నోలో 1959లో ఏర్పడిన కేంద్ర ఔషధ సుగంధ మొక్కల పరిశోధన సంస్థ అట్టి భిన్నత్వము నుండియే ధారిణి, గులాబి, కేసరి మున్నగు రకములను ఎన్నిక చేసినది. ఈ గడ్డికి పుట్టినిల్లు మన దేశమే గనుక దానిలోని భిన్నత్వమును కాపాడవలసిన భారము కూడ మనదే.

ఇంట పెంచు విధము

జూలై, ఆగస్టు నెలలు నాటుటకు అనువైనవి. తెలిసినవారి దుబ్బు నుండి గాని, నర్సరీ నుండి గాని గింజ కట్టని దక్షిణాది తెగ పిలకలను తేవలెను. దుబ్బును పారతో పెళ్ళగించి, 2, 3 పిలకలు ఒక జట్టుగ చీల్చి, ఆకులను మొదలు నుండి జానెడు, వేళ్ళను 4 అంగుళములు ఉంచి కత్తిరింపవలెను. ఆకు ఎక్కువ ఉన్నచో వేరూనకముందే నీరు ఆవిరియై పిలక వాడిపోవును.

కుండీ లోతుగ నుండవలెను, అడుగున్నరకు తగ్గరాదు. అడుగున రంధ్రము తప్పనిసరి. రేగడిమన్ను 2 పాళ్ళు, ఇసుక 1 పాలు, చివికిన పశువుల ఎరువు 1 పాలు కలిపి నింపవలెను. రేగడి ఒక్కటే వేసినచో వేసవిలో కుండీ అంచు వద్ద పగులు విచ్చి, పోసిన నీరు వేళ్ళకు అందక ప్రక్కనుండి జారిపోవును. పెరటిలో వరుసగ నాటినచో జట్టుకు జట్టుకు 4 నుండి 6 అంగుళముల ఎడము చాలును.

మొదటి నెల నేల ఆరకుండ నీరు పోయవలెను. తరువాత పెరటిలోని దుబ్బు వానలతోనే బ్రతుకును. కుండీలోని దానికి వారమునకు రెండు, మూడు మారులు, నడివేసవిలో దినదినము నీరు కావలెను. ఎండ బాగుగ తగులు చోటునే ఎన్నుకొనవలెను. నీడ దీనికి శత్రువు. చెట్టుక్రింద నాటినది క్రమముగ పలుచబడి నశించును. 3, 4 నెలలకొకసారి నేలకు అడుగున్నర ఎత్తున కత్తిరించుచుండినచో పిలకలు దట్టమగును. ఆకుల అంచులు గరుకు; వ్రేళ్ళు కోసుకొనకుండ మొదట దుబ్బును త్రాటితో కట్టి, పిదప కొడవలితో కోయవలెను. కోసిన ఆకును మల్లెపాదులకు, మిరప మొక్కల మొదళ్ళకు కప్పినచో నేల తడి ఆరదు. దుబ్బు మొదట ఎండిన ఆకు పేరుకొననీయరాదు, చెదలు చేరును.

ఏడాదిన్నరకు కుండీ అంతయు వేళ్ళతో నిండిపోవును. అప్పుడు దుబ్బును తీసి, మట్టి విదిలించి, వేళ్ళను సగము కోసి కడిగి, నీడలో ఆరబెట్టవలెను. లేత వేరున వాసన స్వల్పము; ముదిరినదానికే సువాసన. తల్లిదుబ్బును మరల చీల్చినచో పది, పదునైదు జట్లు వచ్చును. ఒకటి మీ కుండీకి. తక్కినవి ఇతరులకు.

బడిలో చేయదగిన పరీక్షలు

రెండు చెక్క తొట్లలో రేగడిమన్ను నింపి, ఒకదాని దిగువ అంచున వట్టివేరు వరుసను నాటి, మూడు నెలలు పెంచవలెను. రెండవ తొట్టి మట్టిని గట్టిపరచి ఖాళీగ ఉంచవలెను. పిదప రెంటిని ఒకే వాలున నిలిపి, పూలకుండీలకు నీరుపోయు డబ్బాతో ఒక్కొక్కదానిపై 5 లీటర్ల నీరు చల్లి, దిగువకు వచ్చిన బురదనీటిని పట్టి, ఆరబెట్టి, మట్టిని తూచవలెను. విద్యార్థులు ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొన్నప్పుడు మట్టికోత యను మాటకు అర్థము తెలియును.

రెండవది ఇంకను సులభము. పిలకను తెచ్చినప్పుడు, దానిని ఎవరి ఇంటి నుండి తెచ్చితిమో, వారు ఎక్కడనుండి తెచ్చిరో అడిగి ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. చీల్చి ఇచ్చినప్పుడు ఎవరికి ఇచ్చితిమో తేదీతో సహా చేర్చవలెను. ఆకు వెడల్పు, పూత కాలము, గింజ కట్టినదా లేదా, వేరు వాసన ఎట్లున్నది అను సంగతులను కూడ గమనించి వ్రాయవలెను. నాలుగైదు ఏండ్లు గడచునప్పటికి ఆ పుస్తకము ఊరిలోని వట్టివేరు వంశవృక్షమగును. వానిలో ఒక్కటి తక్కినవానికి భిన్నముగ కనబడినను దానిని వేరుగ పెంచి, బాపట్ల వ్యవసాయ కళాశాల వారికో, గుంటూరు దగ్గరి లాం ఫారం వారికో చూపవలెను. అవురుగడ్డి యను పాత పేరు మరుగుపడినట్లు ఆ దుబ్బు కూడ మరుగుపడకుండ ఉండుటకు ముందుగ అది ఎవరి పెరటిలో నున్నదో మనకు తెలియవలెను.